ఎర్రమన్ను సాక్ష్యం

లేపాక్షికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి అవతలి నుంచి లాగుతారు, ఫొటో దిగుతారు, బయటపడతారు. మొన్న ఆ వరుస తప్పించుకుని లోపలికెళ్లి తల పైకెత్తాను. అర్ధమంటపం కప్పు మీద వీరభద్రుడు, 20 అడుగులు దాటిన బొమ్మ. ఆయన పాదాల దగ్గర చిన్నగా, గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ.

"దేవుడు అంత, మనుషులు ఇంత. అది వినయం సార్. ఆ ఎరుపంతా రౌద్రం" అన్నాడు పక్కనున్న గైడ్ కుర్రాడు.

బొమ్మలకు టీకా తాత్పర్యాలు చెప్పేవాళ్లంటే నాకు పడదని మీకు తెలుసు. వినయమట! అచ్యుతరాయల హయాంలో, 1530ల్లో, పెనుకొండలో పెత్తనం చేసిన అన్నదమ్ములు. దాదాపు 500 ఏళ్లుగా మన నెత్తి మీదే ఉన్నారు. మా ఊరి గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు తిరుగుతూ ఉంటుంది, ఇదీ అంతే.

"రౌద్రం కాదు నాయనా, ఎర్రమన్ను" అన్నాను. "సున్నం ఘాటుకు ఆకు రంగులు, పూల రంగులు వెలిసిపోతాయి. మట్టి రంగులే నిలుస్తాయి. అందుకే ఎర్ర కావి, పచ్చ కావి, సున్నపు తెలుపు, మసి నలుపు. నువ్వు రంగు వదిలేసి ఆ నల్లగీత ఎలా నడిచిందో చూడు. చీరల మీద చారలు, గళ్లు చూడు."

సాక్ష్యానికి మా నాయనమ్మను కూడా పిలిచాను. పండగ ముందురోజు నన్ను చెరువుగట్టుకు తరిమేది. తట్టెడు ఎర్రమన్ను తెస్తే నానబెట్టి, అలికిన అరుగు అంచులకు గుడ్డతో పూసేది. పైసా ఖర్చు లేదు. "ఎరుపే ఎందుకు నాయనమ్మా అని అడిగితే..." అంటూ ఆగిపోయాను. ఎన్నోసార్లు చెప్పిన కథే. ఎప్పుడూ మన్ను దగ్గరే ముగించేవాణ్ణి. ఆవిడ జవాబు ఇప్పుడు గుర్తొచ్చింది: "ఇంటికి బొట్టు పెట్టొద్దూ?"

నేను తెచ్చుకున్న సాక్షి అవతలివాడి పక్షాన చెప్పింది. చేతికందిన మన్నే. అయినా అరుగెక్కేసరికి బొట్టయింది.

మళ్లీ పైకి చూశాను. ఆ అన్నదమ్ములు దర్పంతో నిలబడ్డారో, దండం పెడుతున్నారో ఈసారి తేల్చలేకపోయాను. ఫ్యాను దాత కూడా తన పేరు కిందే నిలబడి కళ్లు మూసుకుంటాడు.

"ఏమంది సార్ నాయనమ్మ?" అన్నాడు కుర్రాడు.

"మరిచిపోయాను" అన్నాను. మీరూ చెప్పకండి.