కొసలు తుంచాలె

తుమ్మికూర కోయబోయి తిట్లు తిన్నాను. వినాయక చవితి పొద్దున, జహీరాబాద్ దగ్గరి ఒక పల్లెలో, కంది సాళ్ల నడుమ దొరికిన మొక్కనల్లా వేళ్లతో సహా పీకి సంచిలో వేసుకుంటున్నాను. వెనకాలే వస్తున్న అవ్వ ఆగిపోయింది. "ఏంది బిడ్డా, కూర ఏరుతున్నవా, కలుపు పీకుతున్నవా? కొసలు తుంచాలె. వేరు ఏం చేస్కుంటవ్?"

అక్కడ ఆ రెండు పనులూ ఒకే చేతివి. కలుపు తీసే ఆడవాళ్లే కూర ఏరుకుంటారు. గునుగు, దొగ్గలి, పొన్నగంటి, చెన్నంగి... ఎవరూ విత్తనివే అన్నీ. చేను ఎవరిదైనా కూరకు వస్తే కాదనరు. భూమి లేని ఇంట్లో వానాకాలమంతా పొయ్యి మీదికి ఆకుకూర వచ్చేది ఆ మర్యాదతోనే.

1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి ఇక్కడి దళిత మహిళల సంఘాలు చేసిన పనిని ఎవరూ ఈ కూరల రక్షణ అనరు. బీడుపడ్డ చెలకలకు గట్లు వేశారు. పెంట తోలారు. జొన్న, కంది, కొర్ర కలిపి విత్తారు, మందులు ముట్టలేదు. కూరలు వాటంతటవే వచ్చాయి. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చినప్పుడు నేను చిరుధాన్యాల గురించే రాశాను. సాళ్ల మధ్య ఉన్న తుమ్మి నా కంటికి ఆనలేదు.

గడ్డిమందు కొట్టిన పత్తి చేలో ఏరడానికేమీ ఉండదు. కొట్టిన రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. కలుపుకు కూలీలు దొరకరు, దొరికినా కూలి ఇవ్వలేడు. కానీ ఆ డబ్బాతో గడ్డితో పాటు పక్కింటి కూర కూడా పోతుంది. బతుకమ్మకు ఇప్పుడు గునుగు కట్టలు బజారులో కొంటున్నాం. మా చిన్నప్పుడు గునుగు కొనుక్కొచ్చామంటే ఊరంతా నవ్వేది.

గునుగు కిటుకు అవ్వే చెప్పింది. లేతగా ఉన్నప్పుడు కొస తుంచితే పక్కలకు చీలి కొమ్మలేస్తుందట. శ్రావణంలో కూర, బతుకమ్మకు పువ్వు, రెండూ ఒకే మొక్క మీద.

తర్వాత నా సంచి తీసుకుని ఒళ్లో బోర్లించుకుంది. ఆకు దూసుకుని, పూతకొచ్చిన కాడలను గట్టు మీద పరిచింది.

"ఎండనియ్యి. గింజ ముదిరి ఉంటే రాలుతది. లేకుంటే నీ పుణ్యమే."