పరుల గాదెలో సొంత గింజలు

క్లౌడ్ అనగా ఆకాశమందలి మేఘము కాదు. ఎక్కడనో ఒక భవనమున వరుసగా నిలిపిన కంప్యూటర్ల సముదాయము. అందు దాచిన ఫొటోలను ఏ ఊరినుండియైనను చూడవచ్చును. చేతిలోని ఫోను పోయినను అవి పోవు. ఈ సౌకర్యము కాదనరానిది. కాని గాదె పరులదైనపుడు దాని కట్టుబాట్లును పరులవే.

2015లో గూగుల్ ఫొటోస్, కొంత కుదించిన చిత్రములను ఎన్నింటినైనను ఉచితముగా దాచుకొను వీలు కల్పించినది. 2021 జూన్ 1 తరువాత చేర్చు చిత్రములను జీమెయిలు మొదలగువానితో కలిపి 15 గిగాబైట్ల ఉచిత పరిమితిలో లెక్కించు నియమము వచ్చినది. పరిమితి నిండినవారికి రెండే దారులు: రుసుము చెల్లించుట, లేదా కొన్నింటిని తొలగించుట. 2023 డిసెంబరు నుండి, రెండేండ్లుగా వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించు నియమమును ఆ సంస్థ అమలు చేసినది. మరణించిన తండ్రి ఖాతాలోని చిత్రములు ఇందుకు బలియగుట అసంభవము కాదు.

భవనమునకును ప్రమాదము కలదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ సంస్థ కేంద్రమొకటి కాలిపోయినది. వేరొకచోట నకలు లేని సమాచారము తిరిగి రాలేదు.

కావున క్లౌడ్‌ను విడువనక్కరలేదు, దానినొక్కదానినే నమ్మరాదు. విలువగల చిత్రముల నకలును ఇంట హార్డ్ డిస్కులో నుంచుకొని, ఏడాదికొకమారు తెరచి చూచుకొనుట గృహస్థునకు క్షేమము.