ఒప్పుకుంటూనే ఎదిరించిన అధ్యాయం

భూగోళశాస్త్రంలో పాజిటివిజం మీద, అంటే సిద్ధాంతాన్ని వాస్తవాలతో పరీక్షించి చూడటమే శాస్త్రమనే ధోరణి మీద, విమర్శలు చాలానే వచ్చాయి. వాదన కట్టిన నేర్పు కోసం నేను మళ్లీ మళ్లీ చదివేది మాత్రం డేవిడ్ హార్వే 1973లో తెచ్చిన ‘సోషల్ జస్టిస్ అండ్ ది సిటీ’లోని నాలుగో అధ్యాయమే. హార్వే బయటినుంచి రాళ్లు వేసినవారు కాదు. ప్రాంతాల వర్ణనతో సరిపెట్టుకుంటున్న శాస్త్రానికి పరికల్పన, నమూనా, పరీక్ష అనే క్రమశిక్షణ కావాలంటూ 1969లో ‘ఎక్స్‌ప్లనేషన్ ఇన్ జాగ్రఫీ’ రాసింది ఆయనే. ఆ ఏడే బ్రిస్టల్ వదిలి అమెరికాలోని బాల్టిమోర్ చేరారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత అల్లర్లతో అట్టుడికిన ఊరది. అక్కడి పేదల ఇళ్ల సమస్యను పరిశోధిస్తూ ఆయన దారి మార్చుకున్నారు.

అధ్యాయంలో అసలు పనితనం ఒక్క మలుపులో ఉంది. వాన్ థ్యూనెన్ 1826లో పొలాల గురించి చెప్పిన సూత్రాన్ని విలియం అలోన్సో 1964లో నగరానికి వర్తింపజేశాడు. ఎక్కువ పాట పాడినవాడిదే నేల. రాకపోకల ఖర్చు భరించలేని పేదలు పనికి దగ్గరగా, నగరం నడిబొడ్డున ఉండక తప్పదు. అక్కడ నేల ఖరీదు, కాబట్టి ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతకాలి. డబ్బున్నవాళ్లు దూరంగా, విశాలంగా ఇళ్లు కట్టుకుంటారు.

ఇంకొకరైతే ఈ లెక్కలో తప్పు వెతికేవారు. హార్వే వెతకలేదు. లెక్క సరైనదే, నగరాలు అలాగే ఉన్నాయని ఒప్పుకున్నారు. మురికివాడలు పోవాలంటే ఆ సిద్ధాంతాన్ని నిజం చేస్తున్న వేలంపాటనే తీసేయాలని, ఆ సిద్ధాంతమే అబద్ధమయ్యేలా చూడటమే మన పని అని తేల్చారు. సిద్ధాంతం వాస్తవంతో సరిపోలిందా అని చూసి ఆగిపోయే పద్ధతికి ఇంతకన్నా సూటి జవాబు నేను చదవలేదు.

అదే అధ్యాయంలో ఏంగెల్స్ చూసిన 1844 నాటి మాంచెస్టర్‌నూ మన ముందు పెడతారు. ధనికులు ఊరి మధ్యకు వెళ్లే దారుల పొడవునా దుకాణాల వరుసలు, వాటి వెనుక కంటపడకుండా కార్మికవాడలు. నమూనాలో గీతలుగా ఉన్నవి ఇక్కడ వీధులవుతాయి.

లోటు లేదనను. నేలపై సామాజిక నియంత్రణ రావాలంటారు కానీ అది ఎలా నడవాలో చెప్పింది తక్కువ. స్థలంపై మనిషికుండే మమకారం ఈ వాదనలో కనబడదు, దానికోసం యి-ఫూ టువాన్ పుస్తకం ‘టోపోఫిలియా’ దగ్గరకే వెళ్లాలి.

అయినా భూగోళశాస్త్రం చదివే విద్యార్థులకు నా మనవి ఒకటే. 1969 పుస్తకంలో కనీసం కొన్ని అధ్యాయాలు చదివాకే ఈ అధ్యాయాన్ని తెరవండి. హార్వే దేన్ని కాదంటున్నారో, దాన్ని ఎంత బాగా ఎరిగి కాదంటున్నారో అప్పుడే తెలుస్తుంది.