వాళ్ళు కాదన్న మూడు పనులు

త్యాగం అనగానే మన క్రైస్తవ కుటుంబాల్లో ముందుగా గుర్తొచ్చేది మిషనరీలు. ఇక్కణ్ణుంచి ఓడెక్కి వెళ్ళి, మన ఊళ్ళ ఎండలకీ జ్వరాలకీ ఓర్చిన దొరలూ దొరసానులూ. అమెరికా చర్చిల్లో ఆ కథ చెప్పినప్పుడు మనమూ తలూపుతాం. అబద్ధమేమీ కాదు, కానీ అది సగం కథే. మిగతా సగం కావాలంటే ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ఇంగ్లీషులో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ చదవాలి. ఈవిడ ఇక్కడి పాఠకులకి బాగా తెలిసిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కి అక్క, ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్‌కి భార్య. పుస్తకం మాత్రం దొరల గురించి కాదు, ఒంగోలు చుట్టుపక్కల చెప్పులు కుట్టి బతికిన మాదిగల గురించి.

అందులో ముఖ్యుడు ఎర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో గురువుల దగ్గర నేర్చుకున్న మనిషి, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. 1866లో క్లఫ్ ఒంగోలు చేరేనాటికే సత్యం కోసం వెతుకుతున్నాడు. ‘చీకట్లో ఉన్నవాళ్ళకి వెలుగు ఇచ్చాం’ అనే మిషన్ ధోరణికి ఈ ఒక్క జీవితమే అడ్డం పడుతుంది. రచయిత్రి ఆ విషయం దాచలేదు. అందుకు ఆవిడని మెచ్చుకోవాలి.

కొత్తగా చేరినవాళ్ళకి మూడు నియమాలుండేవి: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. ఇందులో ధైర్యమేముంది అని మన పిల్లలు అడగొచ్చు. వీకెండ్ సెలవుల్లో పెరిగినవాళ్ళు కదా! కానీ ఆ రోజుల్లో మాదిగవాడి పని ఊరి వెట్టి. పిలిస్తే వెళ్ళాలి. చచ్చిన గొడ్డుని లాగెయ్యాలి, జాతరకి డప్పు కొట్టాలి. కళ్ళంలో దొరికే నాలుగు గింజలూ ఆ చాకిరీకి ముడిపడినవే. ఈ మూడింటికీ ‘కాదు’ అనడమంటే తన కూటికుండని తనే తన్నుకోవడం.

ఈ మూడూ పాత నిబంధనలోవే. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం చూడండి: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు కాబట్టి మీ దాసుడూ దాసీ కూడా విశ్రమించాలి అని. వెట్టివాడికి ఇంతకన్నా సూటిగా తగిలే మాట ఏముంటుంది? చచ్చినదాన్ని తినొద్దనే ఆజ్ఞ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అయితే దాన్ని పరదేశికి ఇవ్వొచ్చు, అన్యుడికి అమ్మొచ్చు అని వెంటనే ఒక సడలింపు! మన ఊళ్ళలో తరతరాలుగా ఆ పరదేశి ఎవరో చెప్పక్కర్లేదు. పేరయ్య మనుషులు ఆ సడలింపు పక్కన కాక, ఆజ్ఞ పక్కన నిలబడ్డారు.

అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యువకుల కథ మనకి సండే స్కూల్లో చెబుతారు. దేవుడు తప్పించకపోయినా మొక్కం అన్నారు వాళ్ళు. ఆ ‘తప్పించకపోయినా’ అన్నది ఒంగోలు పల్లెల్లో వింతేమీ కాదు. గుండంలోంచి వెంట్రుక కాలకుండా బయటపడ్డవాళ్ళ కథలు మాత్రం ఆ పల్లెల్లో తక్కువ.

‘గంజి కోసం మతం మారారు’ అనే మాట కూడా మనవాళ్ళ పార్టీల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1876-78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చాడు. కూలి ఇచ్చినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజే కారణమైతే గంజి ఆగిపోయాక ఎందుకొచ్చినట్టు? ఆకలి పాత్ర లేదని నేననను. ఆకలి ఒక్కటే అనడం అన్యాయం.

పుస్తకంలో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. ఉపశీర్షికలోనే ఈ మనుషుల్ని ‘పరయా తెగ’ అంటుంది. అంతకన్నా పెద్ద లోటు భాష. వాళ్ళు తమ కథలు తెలుగులో చెప్పారు, మనకి మిగిలింది విక్టోరియా కాలపు ఇంగ్లీషు. పేరయ్య ఏ మాటతో ‘కాదు’ అన్నాడో ఈ పుటల్లో వినిపించదు.

ఆ ‘కాదు’కి ఖర్చు ఇంకా తీరలేదు కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా లేదు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ తలుపు తెరిచారు. పేరయ్య మునిమనవలు సర్టిఫికెట్టు మీద ఒక పేరుతో, చర్చి రిజిస్టర్లో ఇంకో పేరుతో బతకాల్సి రావడం అక్కణ్ణుంచి వచ్చిందే.