రెండు కుండల జొన్నలు

మంగళవారం పొద్దున నా కంప్యూటర్ టిక్కు టిక్కుమంది. హార్డ్ డిస్క్ లోపల చదివే తలకు కావాల్సిన చోటు దొరక్క, వెనక్కీ ముందుకీ కొట్టుకుంటుంటే వచ్చే చప్పుడది. మధ్యాహ్నానికి అదీ ఆగిపోయింది.

స్కూటరైనా, మిక్సీ అయినా బాగుచేయించకుండా దేన్నీ పారేయను. ఈ డిస్క్ దగ్గర నా పంతం సాగలేదు. తిరిగే పళ్లేనికీ తలకీ మధ్య సందు దుమ్ము రేణువు కంటే సన్నం. మన వీధి మెకానిక్ మూత తీశాడంటే దాని పని సరి.

అలాంటిదే ఇంకొకటి కొందామని సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ల కొట్టుకు వెళ్లాను. "మళ్లీ తిరిగేదేనా సార్?" అన్నాడు కొట్లో కుర్రాడు. పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరిగినా, తల చోటు నుంచి చోటుకు పరుగెత్తాల్సిందేనట. ఎస్ఎస్‌డీ అనే రకంలో కదిలేదే లేదు, అంతా చిప్పులే. నా పాత మదర్‌బోర్డుకు దాన్ని నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ లేదు కాబట్టి రెండున్నర అంగుళాల సాటాది చాలు, ఉన్న కేబులే సరిపోతుందని తేల్చాడు.

నా చిరాకు వేరే. డబ్బా మీద 1 టీబీ అని ఉంటుంది, విండోస్‌లో 931 జీబీ కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది. ఎవరి మానిక వాళ్లది.

మానిక అంటే మా నాన్నే గుర్తొస్తాడు. విత్తనాల జొన్నలు కొలిచి, బూడిద కలిపి, రెండు కుండల్లో పోసి, మూతులకు పేడ మెత్తేవాడు. ఒకటి మా అటక మీదికి, ఇంకోటి పై వీధిలో మేనత్త ఇంటికి. మాది పూరిల్లు. ఎండాకాలం ఎవరి కప్పు ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు. ఆడబిడ్డ ఇంట్లో మన విత్తనాలేమిటని అమ్మ ఏటా గొడవపడేది. "ఇల్లు కాలితే వానలు పడ్డాక ఏం చల్లుతావే?" అనేవాడు. మా ఇల్లు ఏనాడూ కాలలేదు. కుండ మాత్రం ఏటా వెళ్లేది. ఏ కుమ్మరి కుండ గట్టిదని ఆయన వాకబు చేయగా నేను చూడలేదు.

నేనేమో ఏ కంపెనీది ఎక్కువ కాలం వస్తుందని కుర్రాణ్ని గంటసేపు వేధించాను. ఎస్ఎస్‌డీ కూడా ఏదో ఒక రోజు పోయేదే. పైగా టిక్కుమని కూడా అనదు. చివరికి రెండు కొన్నాను: కంప్యూటర్‌లోకి 500 జీబీ ఎస్ఎస్‌డీ, నకళ్లకు పాత రకం తిరిగే డిస్కే. ఆ రెండోది మా చెల్లెలి ఇంట్లో బీరువాలో ఉంది. నెలకోసారి తెచ్చుకుని, నకలు తీసి, మళ్లీ ఇచ్చి రావాలి.

పోయిన డిస్కులోని నా కాలమ్‌లలో అచ్చయినవి పత్రిక ఆఫీసులో దొరికాయి. అచ్చు కానివి దొరకలేదు.