తోడి లేని కచేరి

ఈ వారము నా మనస్సును నొప్పించినది ఒక వేపనూనె సీసా. నాట్రంపల్లిలో మా యింటికి వచ్చి వీణ నేర్చుకొనుచున్న బాలిక యొకతె, రానున్న శ్రీరామనవమికి గుడియాత్తపు పందిట తొలిసారిగా నలుగురి యెదుట వాయింపవలసియుండి, ఆ భయముచేత కాబోలు గోళ్ళప్రక్క తోలును గోటితోను పంటితోను పెరికికొని నెత్తురు రప్పించుకొనుచున్నదని, తల్లి యామె పది వ్రేళ్ళకును ఆ నూనె దట్టముగా పట్టించి పాఠమునకు పంపినది. "చేదైతే నోట్లో పెట్టుకోదు, వాసనకైనా ముట్టుకోదు, అంతే కదక్కా" అని ఆ తల్లి నాతో ననినప్పుడు ఆమె కంఠమున కాఠిన్యము లేదు; బిడ్డ వ్రేళ్ళను చూచి రాత్రులు నిద్రపట్టని తల్లి దైన్యమే యుండెను. కాని ఆ బాలిక తన చేతులు తనవి కానట్లు వానిని ఒడిలో దాచుకొని కూర్చున్న తీరును నేను సహింపలేకపోయితిని.

సహింపలేకపోవుటకు దయ యొక్కటియే కారణము కాదు. నాకును ఈ యలవాటు ఆ వయస్సునుండియే కలదని ఈ శీర్షికను చిరకాలముగ చదువుచున్నవా రెరుగుదురు. అది యేండ్లతరబడి అణగియుండి, ఇక పోయినదని నేను నమ్మియున్న తరుణమున, పంచాంగములో కచేరి తేదీకి గుర్తు పెట్టుకొనగానే తిరుగబెట్టును. ఈ ఫాల్గుణమునను అట్లే తిరుగబెట్టినది.

వైణికులకు ఈ బాధయందు ఒక ప్రత్యేకత కలదు. మైనమున నాటిన 24 మెట్లపై ఎడమచేతి చూపుడువ్రేలును నడిమివ్రేలును లోహతంత్రిని నొక్కి, ప్రక్కకు లాగి, గమకములను పలికించుచుండుటచే, ఆ రెండు వ్రేళ్ళ కొనలయందును చాళ్ళు పడి కాయలు కాయును. ఆ కాయలే మాకు కవచము. అయితే కవచమునకు అంచు ఉండును. ఆ యంచు ఎచ్చటనో ఒకచోట కొంచెము లేచియుండును. బొటనవ్రేలి గోరు దానిని వెదకికొనుచు పోవును. శ్రుతి చేసికొనుచున్నప్పుడో, జోలార్‌పేటలో బండికొరకు నిరీక్షించుచున్నప్పుడో, కచేరిలో ఏ కీర్తన వెనుక ఏది రావలెనని ఆలోచించుచున్నప్పుడో, మనస్సు స్వరమునందుండగా చేయి ఆ యంచునందుండును. ఒక పొర లేచిరాగానే క్షణమాత్రము ఏదో నెమ్మది కలుగును. ఆ పిదప లేతచర్మము బయటపడును. మరునాటి యుదయము ఆ లేతచర్మముపైననే తంత్రి తెగగోయును. గోళ్ళు పెరికికొను గుమాస్తాకు దానివలన జీతము తగ్గదు; మాకు అది గాంధారమునే హరించును.

నొప్పియే గురువని నేను ఈ పుటలో ఎన్నిమార్లు వ్రాసియుందునో పాఠకులకే తెలియవలెను. వేలూరు ప్రాంతమున పుట్టి పెరిగినవారికి ఆ మాట నేర్పినవాడు పాల్ బ్రాండ్. సందర్భము దొరకినప్పుడెల్ల ఆయనను స్మరించుట నా కలవాటు. ఇప్పుడును స్మరింపక మానను. 1914లో కొల్లిమలలో క్రైస్తవ మిషనరీ దంపతులకు పుట్టి, లండనులో శస్త్రవైద్యము నేర్చి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన ఆ మహానుభావుడు, కుష్ఠరోగుల వ్రేళ్ళు రోగముచేతనే కుళ్ళి రాలిపోవునని లోకమంతయు నమ్ముచున్న కాలమున, ఇతరులు ముట్టుటకు వెరచు ఆ చేతులను తన చేతులలోనికి తీసికొని పరీక్షించెను. స్నాయువులను ఒకచోటినుండి మరియొకచోటికి మార్చి కుట్టి, బిగిసికొనిపోయిన వ్రేళ్ళకు మరల వస్తువును పట్టుకొను శక్తి నిచ్చెను. అన్నిటికంటె మిన్నగా, ఆ చేతులు నశించుటకు మూలమేమో కనిపెట్టెను. స్పర్శ నశించినవాడు కాలుచున్న పాత్రను విడువడు. పుండును గమనింపక దానితోనే పారపట్టి త్రవ్వును. నిద్రలో ఎలుక కొరికినను మేల్కొనడు. నొప్పి లేకపోవుటచేతనే ఆ చేతులు కొంచెముకొంచెముగా పాడగుచుండెను. తుప్పుపట్టిన తాళములో తాను త్రిప్పలేకపోయిన చెవిని ఒక రోగి బాలుడు వచ్చి అవలీలగా త్రిప్పెననియు, పిమ్మట చూడగా వాని వ్రేలు ఎముక కనబడునంతవరకు తెగియుండెననియు ఆయనయే వ్రాసికొన్నాడు. 1955లో వేలూరు సమీపమున కరిగిరిలో వెలసిన కుష్ఠ పరిశోధనాలయము ఆ దృష్టితోనే ఎందరి చేతులనో కాపాడినది.

బాల్యమున నొకసారి కాట్పాడి ప్లాట్‌ఫారముపై, వ్రేళ్ళు మొదలంటిన అరచేతులనడుమ పొగలు గ్రక్కుచున్న టీగ్లాసును అదిమిపట్టుకొని నెమ్మదిగా త్రాగుచున్న వృద్ధుని చూచి నేను బెదరితిని. మా నాయన నన్ను వెనుకకు లాగలేదు. ఆ వృద్ధుని ప్రక్కనే నాతోగూడ బల్లపై కూర్చుండి, "ఆయనకు కాలేది తెలీదమ్మా, అందుకే చెయ్యి అట్లయిపోయింది. నీకు తెలుస్తుంది, అది నీ అదృష్టం" అనెను. వృద్ధుడు ఆ మాట విని తల యూపెను. ఆ తలయూపు నాకు వీణకంటె ముందు దొరకిన పాఠము. తంత్రి కోసికొనుచున్నదని ఏడ్చు శిష్యులకు నేను ఇంతకాలమును ఆ పాఠమునే చెప్పుచు వచ్చితిని. నొప్పి యెక్కడ ఆగుమనునో అక్కడ ఆగుము, ఎక్కడ సాగుమనునో అక్కడ సాగుము, కాయ కాచువరకు దానిమాట వినుము అనుచుంటిని.

అయితే వేపనూనె పూసికొనియున్న ఆ చిన్నచేతుల యెదుట ఆ పాఠము నిలువలేదు. ఆ బిడ్డకు నాడులన్నియు సరిగనే యున్నవి. నొప్పి తెలియుచునే యున్నది. తెలిసియు చేయి పోవుచున్నది. ఒక్కొకప్పుడు ఆ నొప్పి వెంట వచ్చు నెమ్మదికొరకే పోవుచున్నది. నొప్పి కావలివాడైనచో ఇక్కడ ఆ కావలివాడే తలుపు తెరచుచున్నాడు. అట్టివానిని మరింత మంటతోను, చేదుతోను, అరుపుతోను బలపరచుట యెట్లు?

బ్రాండ్ చరిత్రలోనే దీనికి సమాధాన మున్నది. ఆయనను పొగడువారు ఆ భాగమును అంతగా తలపరు. 1966లో ఆయన అమెరికాకు వెళ్ళి లూసియానాలోని కార్‌విల్ కుష్ఠవైద్యశాలలో చేరిన పిదప, స్పర్శ లేనివారికి కృత్రిమమైన నొప్పిని సమకూర్చవలెనని సంకల్పించి, ఒత్తిడిని గుర్తించు సాధనములను చేతితొడుగులలో నమర్చి, ప్రమాదము కలిగినప్పుడు మొదట ధ్వనిచేతను, అది చాలదని తెలిసినమీదట విద్యుదాఘాతముచేతను హెచ్చరించు యంత్రమును చేయించెను. రోగులు ఆ హెచ్చరికను అక్కరలేదనుకొన్నప్పుడు యంత్రమునే ఆర్పివేసి తమ పని తాము చేసికొనిరి. చివర కాయన ఆ ప్రయత్నమును విరమించెను. వెలుపలినుండి తగిలించిన నొప్పికి మనుష్యుడు లోబడడు. దానిని ఆర్పుటకు ఉపాయము వెదకును. వేపనూనెను కడిగివేయుటకు ఆ బాలికకు ఒక చెంబెడు నీళ్ళు చాలును.

ఇట్లు తోలు పెరికికొనుట దుర్గుణమనియు, మనోదార్ఢ్యము లేనివారి చేష్టయనియు అనువారికి వైద్యులు చాలకాలము క్రిందటనే బదులు చెప్పియున్నారు. 1875లోనే లండను చర్మవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ దీనిని నాడీసంబంధమైన బాధగా వర్ణించెను. 2013లో అమెరికా మానసికవైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథపు అయిదవ కూర్పున దీనికి ప్రత్యేకస్థానము కల్పించినది. 1973లో అజ్రిన్, నన్ అను నిరువురు మనస్తత్వవేత్తలు ప్రకటించిన చికిత్సామార్గము నేటికిని ఆదరణీయముగ నున్నది. చేయి ఎప్పుడు, ఎచ్చట, ఏ యవస్థలో పోవుచున్నదో ముందుగా గుర్తించుట. పోబోవు క్షణమున దానికి వేరొక పని, పిడికిలి బిగించి కొంతసేపు నిలుపుట వంటిది, ఒప్పగించుట. తిట్టక, వెక్కిరింపక గుర్తుచేయువా రొకరు ఇంటిలో నుండుట: స్థూలముగ ఆ మార్గ మిదియే. వ్రేలు వాచినను, చీము పట్టినను చర్మవైద్యునియొద్దకు పోవలెను; చేయి ఎంతకును వశము కానప్పుడు మానసికవైద్యుని యొద్దకు పోవుటకు సిగ్గుపడవలసిన పని లేదు.

సంగీతము నేర్చినవారికి ఈ మార్గము క్రొత్తది కాదని నాకు తోచుచున్నది. శిష్యునిచేతికి ఒక తప్పు సంగతి పట్టుబడినయెడల, మంచి గురువు వాని చేతిపై కొట్టడు. కాలము తగ్గించి, తప్పు పుట్టుచున్న మెట్టు ఏదో వానిచేతనే కనుగొనజేసి, అక్కడ వ్రేలికి మరియొక త్రోవ చూపి, ఆ త్రోవ అలవడువరకు ప్రక్కనే కూర్చుండును. మరచిపొమ్మని చెప్పిన సంగతి ఏ చేతినుండియు పోదు. కచేరి దగ్గరపడి గుండె తడబడినప్పుడు అది మరల తల యెత్తినను, ఆ నడుమ చేసిన సాధన వ్యర్థమైనదని ఏ గురువును అనడు.

కావున ఆ బాలిక చేతులను శీకాయతో కడిగించితిని. వీణ మీద వ్రేళ్ళు జారుటకు మేము పెట్టుకొను కొబ్బరినూనె గిన్నెను ఆమెకు ఇచ్చి, కాయల అంచులను ఆకురాయితో మెల్లగా నునుపుచేయుట నేర్పితిని. అంచు లేనిచో గోటికి వెదకికొనుట కేమియు దొరకదు. చేయి బయలుదేరినట్లు తెలియగానే వీణ దండిపై అరచేయి పరచి, శ్వాస నిదానించువరకు అచ్చటనే ఉంచుమంటిని. తల్లితో, "మీరు అరవద్దమ్మా, 'దండి' అని ఒక్క మాట మెల్లగా అనండి, చాలు" అంటిని. ఆమె నమ్మినదో లేదో కాని ఒప్పుకొన్నది.

నా సంగతి నేను చూచుకొనవలసియున్నది. తోడి రాగము లేనిది కచేరియే కాదని ఈ శీర్షికలో వాదించి పాఠకులతో కలహించిన మనిషిని. ఆ గాంధారమును ఊపుటకు తంత్రిని ఎంతదూరము లాగవలెనో, నా చూపుడువ్రేలు నేడు ఏ స్థితిలో నున్నదో రెంటిని తూచి చూచినపుడు, ఈ నవమికి తోడి వలదని నిశ్చయించితిని. పట్నం సుబ్రహ్మణ్యయ్యరు సృష్టించినదని ప్రసిద్ధి గన్న కదనకుతూహల రాగములో గమకభారము తక్కువ. స్వరములు మెట్టునుండి మెట్టునకు దుముకుచు పోవును. పందిటి జనమునకును అది ఉల్లాసము. మృదంగవిద్వాంసునకు కారణము దాచక చెప్పితిని. ఆయన క్షణమాలోచించి, "సరేనమ్మా, దాన్నే ముందు పెట్టుకుందాం. చెయ్యి ఎట్లుందో చూసుకొని నాకు కంటితో చెప్పండి, తనియావర్తనం నేను కొంచెం పెంచుతాను, మీ వేలికి విశ్రాంతి దొరుకుతుంది" అనెను. ఇన్నేండ్లుగా ఆయన ప్రక్కన కూర్చుండి వాయించుచున్నను, ఇట్టి సహాయమును అడుగవచ్చునని నాకు తోచియుండలేదు.

పందిట మొదట బాలిక వాయించును, పిదప నేను. గోళ్ళప్రక్కల ఆమెకు రెండు పట్టీలు, నాకు ఒకటియు ఉండవచ్చును. వానిని పైటలో దాచుకొనవలదని మే మిరువురము మాటలాడుకొన్నాము.