వేమన ఆటవెలది: మకుటావృత్తి ఛందోధర్మం

వేమన పద్యాలలోని మకుటాన్ని కేవల పాదపూరణంగా భావించి, ఉదాహరణలలో విడిచిపెట్టడం కద్దు. ఛందోదృష్టితో ఇది సమంజసం కాదు. ఆటవెలది బేసిపాదాలలో మూడు సూర్యగణాలపై రెండు ఇంద్రగణాలు వస్తాయి. సరిపాదాలలో ఐదూ సూర్యగణాలే. అందువల్ల బేసిపాదం 17 నుంచి 19 మాత్రల వరకు సాగగా, సరిపాదం 15 మాత్రలకే పరిమితం. మూడవ పాదాంతంలో ఇంద్రగణాలతో సాగిన నడక మకుటంలోని సూర్యగణాలతో కుదుటపడుతుంది. దానిని తొలగిస్తే పద్యం ఆ సాగుదల వద్దనే తెగిపోతుంది. (మూడవ పాదాలు కొన్ని సామెతలుగా స్థిరపడడానికి ఈ తెగింపు తోడ్పడి ఉండవచ్చు, అది వేరు చర్చ.) ఆటవెలదికి ప్రాసనియమం లేదన్నది ఇక్కడ ముఖ్యం. పాదాలను కలిపే ద్వితీయాక్షరబంధం లేనిచోట, పద్యానికీ పద్యానికీ మధ్య శ్రుతిబంధాన్ని మకుటావృత్తి కల్పిస్తుంది. పైగా నాలుగవ పాదం ముందే నిశ్చితం కావడంతో భావం మూడు పాదాలలోనే ముగియాలి. వేమన క్లుప్తతకు ఈ నిర్బంధమూ ఒక హేతువు.